ఆరో కుచ్చిలి

ఎర్రయ్య ఊపిరిపట్టీని పొట్టమీదికి జార్చి బిగించుకుని, ఆ పూటకి మూడో విషప్రయోగానికి సిద్ధమయ్యాడు.

మొదటి విషం పాయసంలో కలిసింది. రెండోది తమలపాకుకి సున్నంతోబాటు రాశారు. మూడోది ఎటునుంచి వస్తుందా అని అతడు పెద్దగా బెంగపడలేదు. గజనగరి కోటలో వంటవాళ్ళకి ఉప్పు కంటే విషమే ముందు నిండుకుంటుందని పదకొండేళ్ళుగా ఎరిగినవాడు. ఎదురుగోడ నిండా పరుచుకున్న కొలువులో సేనాపతి ఒక నెమలీకని వాసన చూశాడు, గొంతు పట్టుకున్నాడు, పక్కవాడి కిరీటం ఊడిపడేటంత చప్పుడుతో కూలిపోయాడు.

"పదిహేడు బిగువులు," అంది పైకప్పులోంచి ఒక మెత్తటి గొంతు.

"ఎక్కువేసినావు. ఈడి సావుకి పదేను సాలు," అన్నాడు ఎర్రయ్య.

"నేను వేయను ఎర్రయ్యగారూ. మీ ఊపిరి వేస్తుంది."

"మరైతే నా ఊపిరికే బుద్ది నేదు."

ఆ గొంతు అల్లిక అనే యంత్రానిది. వేళాకోళం పెట్టుకునే గడి దాని దగ్గర లేదు. గోడమీది కొలువు చెరిగిపోయి, ఆ చోట కొత్తది లేచింది. ఇందులో నెమలీక లేదు, సేనాపతి తలపాగాలోంచి పాము దిగింది.

"ఇరవై నాలుగు," అంది అల్లిక. సేనాపతి అలాగే చచ్చిపోయాడు.

నౌపడ ఉప్పుమళ్ళ నడుమ, ఎండ పడితే కళ్ళు తెరవలేని తెల్లదనంలో ఉంది ఆ కథాశాల. సాయంత్రం ఏడింటికి నాలుగు కోట్లమంది చూడబోయే 'గజనగరి' ధారావాహికని ఆ పొద్దున ముందుగా చూసేవాడు ఎర్రయ్య ఒక్కడే. అతని హోదా తొలిచూపరి. కథ అల్లేది అల్లిక. నటించేవి ఛాయలు. వాటికి ఆకలీ దాహం లేవు, సంభాషణ బాగులేదని అలిగి కూర్చున్న రోజూ లేదు. ఎర్రయ్య ఊపిరి ఆగినచోట కథ నిలుస్తుంది. ఎంత గట్టిగా ఆగిందో పొట్టమీది పట్టీ కొలిచి చెప్పే అంకే బిగువు. ఊపిరి తేలిగ్గా ఆడినచోట అల్లిక కథని విప్పి అప్పటికప్పుడు ఇంకోలా అల్లుతుంది. నలభై సెకన్లకి ఒక్కసారైనా ఊపిరి ఆగాలన్నది నియమం. ఆ నియమం పుణ్యమా అని గజనగరి కందకంలో మొసళ్ళు పెరిగి పెరిగి, చివరికి నీళ్ళకి చోటు లేకుండా పోయింది.

ఎర్రయ్యని ఈ కుర్చీకి ఎంచుకోవడంలో ఒక పొరపాటు జరిగింది. అతనిది మునకగాళ్ళ వంశం. సముద్రం అడుగున రాళ్ళకి చిక్కిన వలల్ని, మునిగి విడిపించడం వాళ్ళ పని. అతని తాత ఒకసారి మునిగితే చిక్కు మరీ పెద్దది తగిలిందట. ఆయన పైకి వచ్చి ఇంటికి వెళ్ళేసరికి తన పదోరోజు భోజనాలు వడ్డిస్తున్నారట. తడిబట్టలతోనే పంక్తి చివర కూర్చుని, పులుసులో ఉప్పు చాలలేదని చెప్పి మరీ తిన్నాడట. సాక్ష్యం కావాలంటే ఆ రోజు వడ్డించినవాళ్ళని అడగవచ్చు. కాకపోతే వాళ్ళు తరవాత నిజంగానే పోయారు.

ఈ సంగతి ఏదో కాగితంలో చదివిన కథాశాలవాళ్ళు, ఇంత ఊపిరి పట్టే వంశంవాడికంటే తొలిచూపరి ఎక్కడ దొరుకుతాడని ఎగిరి గంతేసి ఎర్రయ్యని తెచ్చుకున్నారు. ఊపిరి పట్టడం మునకగాడికి పని. పని లేనిచోట వాడు ఊపిరి పట్టడు, దాచుకుంటాడు. మొదటివారం ఎర్రయ్య ముందు ఏనుగులు కొండ మీంచి దొర్లాయి. కవలలు ఒకరినొకరు పొడుచుకున్నారు. కోట తగలబడింది. అతని ఊపిరిగీత మాత్రం ఉప్పుమడిలా చదునుగా సాగింది. నిద్రపోయే గేదె కూడా అంతకంటే ఎక్కువ ఉద్వేగం చూపిస్తుందని అప్పటి నివేదికలో ఉంది.

ఇంటికి పంపేద్దామనుకున్నారు. ఇల్లు లేదు. భావనపాడు దగ్గర అతని వీధిని సముద్రం ఆ ఏడే తినేసింది.

ఆ వారం చివర కట్టుగదిలోంచి తవిటమ్మ వచ్చింది. ఛాయలకి కత్తులు తిప్పడం వచ్చు, కన్నీళ్ళు కార్చడం వచ్చు, బట్ట కట్టుకోవడం మాత్రం రాదు. లెక్కతో కట్టిన చీర ఎంత బాగున్నా చూసేవాళ్ళ కంటికి ఎక్కడో కలుక్కుమనేది. అందుకని, కదలికల్ని అచ్చు తీసుకునే ముద్రపీఠంమీద తవిటమ్మ ఒక బొమ్మకి నిజమైన బట్ట కడుతుంది. ఆమె చేతుల్నీ బట్ట నడకనీ ఛాయలు ఎరువు తెచ్చుకుంటాయి. కోటలో దాసీ చేతులు, దర్జీ చేతులు, రాణిగారికి జడవేసే చేతులు అన్నీ ఆమెవే. ఆమె వచ్చి, బెంచీమీద ఒదిగి కూర్చున్న మనిషిని ఎగాదిగా చూసింది.

"ఏటి బావూ, బొమ్మలు నచ్చనేదా?"

"అందరూ కిరీటాలెట్టుకుని అరుస్తన్నారప్పా. ఎవుల్ని నమ్మాలో తెలీటం నేదు."

"మొకాలు సూడకు. మొకం దొంగది, దానికి అబద్దం నేర్పగలం. సేతులు సూడు. అరిసినోడి సెయ్యి ఎక్కడున్నాదో సూడు."

మర్నాడు ఎర్రయ్య చేతులు చూశాడు. కొలువులో రాజు గర్జిస్తున్నాడు, ఆయన వేళ్ళు మాత్రం ఉత్తరీయం అంచుని నలుపుతున్నాయి. ఆ నలిగే అంచు దగ్గర ఎర్రయ్య ఊపిరి మొదటిసారి ఆగింది. అప్పటినుంచి పదకొండేళ్ళు అతడు తిన్న ప్రతి ముద్దా ఆ మాటది. ఆ సంగతి అతడు ఎప్పుడూ పైకి చెప్పలేదు. పండగలకి మాత్రం ఒక మంచి వంజరం చేప తెచ్చి, కాగితంలో చుట్టి, ఎవరిదో ఎక్కువైతే తెచ్చినట్టు కట్టుగది గుమ్మంలో పెట్టేవాడు.

పాము పని అయ్యాక అల్లిక విరామం ఇచ్చింది. ఎర్రయ్య కట్టుగదికి వెళ్ళేసరికి తవిటమ్మ చోడి అంబలి రెండు గ్లాసుల్లో పోసి, తనది సగం తాగేసి, వాలుగచేప దవడతో దూది దువ్వుతోంది. ఆమెది పొందూరు. నూలు వడికే ఇంట పుట్టింది. దూదిలో నలకలు తీయడానికి ఆ చేప పళ్ళకి మించిన దువ్వెన లేదని వాళ్ళ నమ్మకం. నలభై అంతస్తుల యంత్రం ఉన్న భవనంలో ఆమె సరంజామా అంతా ఆ దవడ, ఒక రాట్నం, ఒక బట్టల బీరువా.

"మా సేప పళ్ళతో మీరు బట్టలు కట్టేత్తన్నారు. మాకేటీ ఇయ్యరా?" అన్నాడు ఎర్రయ్య రోజూలాగే.

"వాలుగ సెరువు సేప. మీ సముద్రపోళ్ళకి దాంతో ఏటి సమ్మందం? ముందు అంబలి తాగు, ఈగ పడతాది."

అప్పుడే కూర్పు అధికారి కూర్మారావు లోపలికి వచ్చాడు. పొట్టిమనిషి. చెడ్డకబురు తెచ్చిన రోజున మాత్రమే తలుపు తట్టే అలవాటుంది అతనికి. ఇవాళ తట్టాడు.

"ఆ దృశ్యం తరవాతి వంతే," అన్నాడు నిలబడే. "అల్లిక ఒప్పుకుంది. ఒప్పుకుంటూ ఒక షరతు పెట్టింది."

ఏడాదికి ఒక దృశ్యాన్ని తన ఇష్టప్రకారం కథలో పెట్టే హక్కు కూర్మారావుకి ఉంది. దాన్ని మనిషివాటా అంటారు. ఇన్నేళ్ళలో అతడు ఆ వాటాని ఎక్కువగా వాళ్ళావిడకి ఇష్టమైన పాటలకే వాడాడు. ఈసారి తవిటమ్మ చేసినదానికి వాడాడు. కిందటి నెల ఆమెని ముద్రపీఠంమీద పదకొండు సెకన్లపాటు చీర కట్టి చూపమన్నారు. ఆమె మూడున్నర నిమిషాలు కట్టింది. అందులో విషం లేదు, పాము లేదు, ఒక్క మొసలి కూడా లేదు.

"షరతు ఏటి?" అంది తవిటమ్మ.

"ముప్పై బిగువులు రావాలి. రాకపోతే ఆ దృశ్యం తీసేసి పైకప్పునుంచి హంతకుణ్ణి దింపుతుంది. దాంతోబాటు..." కూర్మారావు బీరువా వైపు చూశాడు. "ఇప్పుడు లెక్కతోనే కట్టు కుదురుతోందట. ఛాయలు నేర్చేసుకున్నాయట. ఈ గది ఇవాళ్టితో మూసేస్తారు తవిటమ్మా."

దువ్వెన ఆగింది. మళ్ళీ కదిలింది. మనిషి చేత్తో బట్టకట్టి చూపే గది దేశంలో అదొక్కటే మిగిలింది. అది మూస్తే ఆమెకి తిండికి లోటుండదు, పొందూరులో అన్న ఉన్నాడు. కానీ ఆ చేతుల్ని ఇంకెక్కడా ఎవరూ ఏమీ అడగరు.

కూర్మారావు తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించాడు. "ఎర్రయ్యా, నువ్వు మునకగాడివి. మూడున్నర నిమిషాలు ఊపిరి బిగబట్టడం నీకేపాటి? కావాలని పట్టినదీ దానంతట అది ఆగినదీ అల్లికకి ఒకేలా కనిపిస్తాయి. నేను ఎవరితోనూ అనను."

ఎర్రయ్య ముఖం వెలిగింది. అతనికి ఆ ఆలోచన అప్పటికే వచ్చిందని ఆ వెలుగే చెప్పింది.

"ఒగ్గేయండి ఆ మాట," అంది తవిటమ్మ. "దొంగ ఊపిరితో నిలబెట్టిన గదిలో నాను కూకోలేను. ఒరే తమ్ముడా, నీకు ఊపిరి ఆగితే ఆగుతాది. ఆగకపోతే నాను సరిగ్గా కట్టనేదు. అంతే."

"అప్పా, ఒక్కపాలికి..."

"ఒట్టెయ్యి."

ఎర్రయ్య అంబలి గ్లాసుమీద ఒట్టేశాడు. దగ్గర్లో ఇంకేమీ లేదు.

చూపుగదిలో దీపాలు తగ్గాయి. గజనగరి కథ బడిపిల్లలకి కూడా తెలుసు. ఉత్తరాది సేన వస్తుంది, రాజు యుద్ధంలో పోతాడు, మూడోనాటికి కోట కూలుతుంది. దాచడానికేమీ లేని కథ కాబట్టే అల్లిక దాన్ని ఇన్ని పాములతో నింపింది. ఇప్పుడు గోడమీద అంతఃపురం తెరుచుకుంది. రాణి విరజాదేవి నిలబడి ఉంది. ఆమె ముందు ముసలి దాసి బంగారి మోకాళ్ళమీద కూర్చుంది. బయట కొలువులో శత్రువు రాయబారి ఎదురు చూస్తున్నాడు. రాణి అలంకరించుకుని వెళ్ళాలి.

ఆ కోటలో ఒక ఆచారం. అంతఃపురంలో చెడ్డకబురు నోటితో చెప్పకూడదు, కట్టుతో చెప్పాలి. భర్త ఉన్నామె చీరకి ఏడు కుచ్చిళ్ళు. లేనామెకి ఐదు. రాజు పోయాడని బంగారికి తెలుసు. రాణికి తెలియదు. చెప్పవలసింది బంగారి వేళ్ళు.

ఇదంతా గోడమీద జరుగుతోంది. ఎర్రయ్య దాన్ని చూడలేకపోయాడు. బంగారి చేతులు కనిపించగానే అతనికి తవిటమ్మ కనిపించింది. కుడి బొటనవేలి కణుపు దగ్గర ఆ వాపు ఆమెదే. పొందూరు వెళ్ళాక ఆ వేలికి కాపడం పెట్టేవాళ్ళుంటారా అనుకున్నాడు. ముప్పై రావాలి అనుకున్నాడు. ఇప్పుడు ఎంత వచ్చిందో అనుకున్నాడు. ఎదురుగా కుచ్చిళ్ళు పడుతున్నాయి, విడిపోతున్నాయి, అతడు మాత్రం తన ఊపిరి ఆగిందా లేదా అని తన పొట్టనే గమనిస్తూ కూర్చున్నాడు. కృతజ్ఞత కంటికి అడ్డం పడింది. ఊపిరి కుక్కపిల్లలా రొప్పింది.

అంతఃపురం చీకటయింది.

"తొమ్మిది బిగువులు," అంది అల్లిక. "మిగిలినదంతా గాభరా. గాభరాని లెక్కలోకి తీసుకోను. దృశ్యం తొలగిస్తున్నాను. కట్టుగది మూసివేతకి పత్రం సిద్ధం చేస్తున్నాను. తరవాతి దృశ్యం, హంతకుడు. సిద్ధమా ఎర్రయ్యగారూ?"

పదకొండేళ్ళలో ఎన్నడూ లేనంత సిగ్గు అతన్ని కుర్చీకి అదిమిపెట్టింది. ఆమె చేసినదాన్ని అతడు చూడనైనా చూడలేదు. తీర్పు మాత్రం చెప్పేశాడు.

"మల్లీ సూపించు," అన్నాడు.

"ఏది?"

"ఆ కుచ్చిళ్ళే."

"వీలుకాదు. మీరు తొలిచూపరి. ఏ దృశ్యాన్నీ రెండోసారి చూడకూడదన్నది మొదటి నియమం. రెండోసారి చూసిన కన్ను పాతబడుతుంది. పాతబడిన కంటికి ఈ కుర్చీ ఉండదు."

అది ఎర్రయ్యకి తెలుసు. సాయంత్రం దేశమంతా గోడలకి అతుక్కుని గజనగరి చూసే వేళ, పొరపాటున ఒక బొమ్మ కంటబడుతుందేమోనని అతడొక్కడు సముద్రం వైపు తిరిగి కూర్చునేవాడు. పదకొండేళ్ళు ఆ ఉపవాసం చేశాడు.

"తెలుసు. కుర్చీ నీకే ఇచ్చేత్తాను. సూపించు."

"రెండోసారి చూస్తే వచ్చే బిగువు సున్న," అంది అల్లిక ఓపిగ్గా. "బిగువంటే తరవాత ఏం జరుగుతుందో తెలియకపోవడం. మీకు తెలుసు. మీ కుర్చీ పోతుంది, దృశ్యమూ నిలవదు. ఈ కోరికలో లాభం ఏ వైపునా కనబడటం లేదు."

"నేదు. నాకూ కనబడటం నేదు. మా అప్ప మూడున్నర నిమిషాలు కష్టపడినాది. నాను సూడనేదు. అదొక్కటే."

తలుపు తీసి, బయట బెంచీమీద కూర్చున్న తవిటమ్మనీ కూర్మారావునీ లోపలికి పిలిచాడు. జరిగింది విని కూర్మారావు తల పట్టుకున్నాడు. "తొమ్మిది బిగువులకి గది పోయింది. ఇప్పుడు నువ్వు కూడా పోతానంటున్నావా? ఒక్కటి పోతే చాలదా?"

"ఎర్రోడా," అంది తవిటమ్మ. "నాకోసం కుర్చీ పోగొట్టుకుంతావేటి?"

"నీకోసం కాదప్పా. నీకోసమని సూసే ఇందాక పాడు సేసినాను. ఇప్పుడు ఆ రాణిగారికోసం సూత్తాను. కూకో."

అల్లిక నియమాన్ని వెతికి చూసింది. నియమం శిక్ష చెప్పింది గాని, శిక్షకి ఒప్పుకున్నవాణ్ణి ఆపమని చెప్పలేదు. దీపాలు తగ్గాయి.

ఈసారి పోయేదేమీ మిగల్లేదు. గది పోయింది, కుర్చీ పోయింది. ఎర్రయ్య ఊపిరి నీళ్ళలోకి దిగే ముందులా సాపుగా, నెమ్మదిగా ఆడింది. అతడు చూశాడు.

బంగారి బట్టని వేళ్ళమీదికి తీసుకుంది. ఒకటి. రెండు. మూడు. ముసలిచేతులు, వేల రోజులు చేసిన పని, కళ్ళు మూసుకున్నా తప్పు పోని పని. నాలుగు. ఐదు. అక్కడ వేళ్ళు ఆగాయి. చెప్పవలసిన చోటు అదే. వేళ్ళు చెప్పలేదు. ఆరు మడిచాయి, ఏడు మడిచాయి, అబద్ధాన్ని నీటుగా సర్ది రాణి నడుము దగ్గర దోపబోయాయి. దోపలేక జారవిడిచాయి. ఏడు కుచ్చిళ్ళూ నేలమీదికి విడిపోయాయి.

రాణి పైకి చూస్తోంది. దాసి ముసలిదైందని అనుకుంది కాబోలు, చిన్నగా నవ్వింది. బయటినుంచి రాయబారి దగ్గు వినిపించింది.

రెండోసారి. ఐదు దగ్గర ఆగి, మళ్ళీ ఏడుకి వెళ్ళి, మళ్ళీ విప్పాయి. రాణి నవ్వు సగంలో నిలిచిపోయింది. మూడోసారి బంగారి ఐదు మడిచి చాలాసేపు అలాగే పట్టుకుంది. పొందూరు నేత సన్నం. వెలుతురు బట్టలోంచి వచ్చి వేళ్ళు ఎర్రగా కనిపించాయి. ఆరు మడిచింది. విప్పింది.

నాలుగోసారి ఐదు మడిచింది. దోపింది. చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

రాణి చెయ్యి కిందికి దిగింది. చూడకుండానే, బొటనవేలితో తడుముతూ మడతల్ని లెక్క పెట్టుకుంది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు. బొటనవేలు ఆరోదానికోసం ముందుకి జరిగింది. అక్కడ బట్ట లేదు. వేలు గాలిలో అలా నిలిచింది. ఉండాలి, పక్కకి జరిగిందేమో, ఇంకొంచెం అవతల ఉందేమో అని వెతికింది. వెతకడం ఆపింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

"బిగించు," అంది రాణి. "నడుస్తుంటే జారకూడదు."

బంగారి ముడి బిగించింది. రాణి కొలువులోకి నడిచింది. ఐదు కుచ్చిళ్ళూ ఆమె ముందు ఒక్కలాగే ఊగుతూ వెళ్ళాయి. ఏడవటానికి వీల్లేని కొలువులో, ఆమెకి జరిగింది తెలియాలంటే ఆ ఊగే మడతల్ని లెక్కపెట్టాలి. ఎర్రయ్య లెక్కపెట్టాడు. కూర్మారావు పెదవులు కూడా కదిలాయి.

గోడ చీకటయింది. గదిలో ఎవరో గట్టిగా గాలి పీల్చారు. అది తనే అని ఎర్రయ్యకి కొంచెం ఆలస్యంగా తెలిసింది.

అల్లిక అంకె చెప్పలేదు.

"ఎంతొచ్చినాది?" అన్నాడు కూర్మారావు. అధికారిభాష అతనికి ఆ క్షణాన గుర్తులేదు.

"నూట పన్నెండు దాకా లెక్కపెట్టాను," అంది అల్లిక. "తరవాతి అంకెలకి గడులు లేవు. ఇది పొరపాటు అయి ఉండాలి. ఎర్రయ్యగారూ, మీరు కావాలని పట్టారా?"

"అంబలిమీద ఒట్టేసినాను."

"ఆమెకి తెలిసిపోతుందని మీకు తెలుసు."

"తెలుసు."

"ఆరో కుచ్చిలి లేదని తెలుసు. మొదటిసారి లేదు, ఇప్పుడూ లేదు, ఎన్నిసార్లు చూసినా ఉండదు. బడిపిల్లలకి కూడా తెలుసు. తెలిసినదాని దగ్గర ఊపిరి ఎందుకు ఆగింది?"

ఎర్రయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"ఈపాలైనా ఉంటాదేమోనని," అన్నాడు.

అల్లిక ఇంతసేపు మాట్లాడకుండా ఉన్న సందర్భం కథాశాల చరిత్రలో లేదు. పక్కగదుల్లో గాలిమరలు ఆగి మళ్ళీ మొదలయ్యాయి. హంతకుడి ఛాయ పైకప్పుకి వేలాడి, ఎవరూ దిగమనక, అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళుగా నాలుగు కోట్లమందికి 'ఏం జరుగుతుందో తెలియదు' అన్నది మాత్రమే వడ్డిస్తూ వచ్చిన యంత్రం, 'ఏం జరుగుతుందో తెలుసు' అన్నదాన్ని ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటోంది. కూర్మారావు గడియారం చూసుకున్నాడు. ఏడింటికి ఇంకా చాలా వేళ ఉంది. అల్లికకి ఆలోచించుకోవడానికి అంత వేళ పడుతుందని ఎవరూ ఏనాడూ అనుకోలేదు.

"కట్టుగది మూసే పత్రం నా లెక్కమీద రాశాను," అంది చివరికి. "ఆ లెక్క తప్పు. తప్పు లెక్కమీద నేను గది మూయలేను. దృశ్యం ఉంటుంది. పూర్తిగా ఉంటుంది."

తవిటమ్మ కుడి బొటనవేలిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"మరి ఈ కుర్చీ?" అన్నాడు కూర్మారావు ఆశగా.

"అది లెక్క కాదు. నియమం. ఎర్రయ్యగారి కన్ను పాతబడింది."

"పాతబడనీ," అన్నాడు ఎర్రయ్య. "ఇందులో కూకుని కూకుని నడుం కూడా పాతబడినాది." ఊపిరిపట్టీ విప్పి, మడతపెట్టి, కుర్చీ చేతిమీద పెట్టాడు. తవిటమ్మ దగ్గరికి వెళ్ళి నేలమీద చతికిలపడ్డాడు. పదకొండేళ్ళుగా వంజరం చేపలు చెప్పలేకపోయిన మాట ఒకటి ఉంది. "అప్పా, నీ సేతి సలవ. నాను ఇన్నాళ్ళూ బతికినాను."

"ఊరుకో. సేపలు తెచ్చి గుమ్మంలో పడేసినప్పుడే తెలుసు. ఎవుడైనా ఎక్కువైన వంజరం పారేత్తాడేటి?" అంది తవిటమ్మ. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, ఆ కొంగుతోనే అతని నెత్తిమీద చిన్నగా కొట్టింది. "రేపట్నుంచి ఏటి సేత్తావు?"

"సాయంత్రం అందరితోబాటు గజనగరి సూత్తాను. ఎన్నాళ్ళయినాదో నలుగురితో కూకుని."

అతడు లేవబోతుంటే అల్లిక పిలిచింది. ఆ గొంతు ఎప్పటి మెత్తదనంతోనే ఉంది గాని, మాటల మధ్య చిన్న ఖాళీలు వస్తున్నాయి.

"వెళ్ళకండి. ఇంకొకసారి చూడాలి."

"ఎవులు?"

"నేను. ఇంతవరకూ నేను దేన్నీ చూడలేదు. అల్లాను, కొలిచాను, అంతే. మీరు పక్కన ఉంటే ఎక్కడ చూడాలో చెప్పగలరు."

ఎర్రయ్య తవిటమ్మ వైపు చూశాడు. తవిటమ్మ చోటు జరిగింది. కూర్మారావు తలుపు వేసి వచ్చి ఇద్దరి వెనకా నేలమీదే కూర్చున్నాడు.

"మొకం సూడకు. సేతులు సూడు," అన్నాడు ఎర్రయ్య పైకప్పుతో.

దీపాలు తగ్గాయి. అంతఃపురం తెరుచుకుంది. పట్టీ కట్టుకున్నవాళ్ళు ఎవరూ లేని గదిలో బంగారి మోకాళ్ళమీద కూర్చుని బట్టని వేళ్ళమీదికి తీసుకుంది. మొదటిసారి, రెండోసారి, మూడోసారి కుచ్చిళ్ళు విడిపోయాయి. నాలుగోసారి దాసి చేతులు ఒళ్ళోకి వెళ్ళాయి. రాణి చెయ్యి కిందికి దిగింది. అప్పుడు పైకప్పులోంచి, బడిలో కొత్తగా చేరినవాళ్ళు చెప్పినట్టు, ఆచితూచి ఆ గొంతు వినిపించింది.

"ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు," అని, ఆగింది.